పంచదార డబ్బా లేని టీ బల్ల

(అండమాన్ దీవులలో పనిచేస్తున్న మన బ్యాంకు సిబ్బంది కుటుంబాల కలయికలో ఒక అధికారి శ్రీమతి చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఆటల పోటీలు అయిపోయాయి. బహుమతులు ఇవ్వడానికి ఇంకా కాస్త సమయం ఉంది. ఆ సమయం నాకిచ్చారు. "టీ గురించి మాట్లాడండి, కానీ ఉత్త మాటలతో సరిపెడితే ఊరుకోం, రుచి కూడా చూపించాలి" అని మేనేజరు గారు షరతు పెట్టారు. అందుకే ఆ బల్ల మీద మూడు రకాల టీ ఆకు, వేణ్ణీళ్ళ ఫ్లాస్కులు, చిన్న గ్లాసులు ఉన్నాయి. నా మాటలు అయ్యాక అందరం తాగుదాం. పంచదార డబ్బా మాత్రం తేలేదు. ఎందుకు తేలేదో చెప్పడమే నా ప్రసంగం.

నేను టీ నిపుణురాలిని కాను. మాది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. మా వారి ఉద్యోగం వల్ల ఈ దీవులకు వచ్చాను. ప్రభుత్వం 2024లో ఈ ఊరికి శ్రీ విజయపురం అని పేరు పెట్టినా, మన నోట ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే వస్తోంది. ఇక్కడికి వచ్చాక మా ఇంట్లో, పక్కింటి వదినగారింట్లో, మేడ మీది వాళ్ళింట్లో కలిసి కూర్చుని ఆకు టీలు రుచి చూడటం అలవాటు చేసుకున్నాం. ఆ అనుభవానికి, చదివి తెలుసుకున్న నాలుగు సంగతులు చేర్చి చెబుతాను.

పంచదార ఎవరు అడుగుతున్నారు?

మనందరి ఇళ్ళలో టీ ఒకేలా తయారవుతుంది. గిన్నెలో నీళ్ళు, పాలు, టీ పొడి, పంచదార. రెండు పొంగులు వచ్చేదాకా మరిగించి వడగట్టడం. ఆ టీని నేను తక్కువ చేయడం లేదు. వానలో తడిసి ఇంటికి వచ్చినవాళ్ళకి అంతకంటే మంచిది ఇంకొకటి లేదు. ఆ టీకి వాడే గుండ్రటి గింజల పొడిని సీటీసీ అంటారు. నలపడం, చింపడం, చుట్టడం అనే మూడు పనులకు ఇంగ్లీషులో ఉన్న మాటల మొదటి అక్షరాలవి. 1930ల ప్రారంభంలో అస్సాంలో విలియం మెక్‌కెర్చర్ అనే ఆయన ఈ యంత్రాన్ని తయారుచేశాడు. పళ్ళున్న రోలర్ల మధ్య ఆకు నలిగి చిన్న గింజలుగా మారుతుంది. గింజ చిన్నది కాబట్టి రంగు, బలం త్వరగా దిగుతాయి. కొద్ది పొడితో ఎక్కువ కప్పులు వస్తాయి. మన దేశంలో తయారయ్యే టీలో ఎక్కువ భాగం ఇదే.

ఇప్పుడు అసలు సంగతి. టీ పొడిని పది నిమిషాలు మరిగిస్తే చేదు, వగరు పూర్తిగా దిగిపోతాయి. ఆ వగరుని పాలు కొంత పట్టుకుంటాయి. మిగిలిన చేదుని కప్పడానికి పంచదార వేస్తాం. అంటే పంచదార అడుగుతున్నది మన నాలుక కాదు, మనం అతిగా మరిగించిన డికాషను. ఆ చేదే దిగకుండా చేసుకుంటే పంచదారతో పని ఉండదు. ఆకు టీ నేర్పేది ఇదొక్కటే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగే వివరాలే.

మనది బ్యాంకు కుటుంబం కాబట్టి ఒక చిన్న లెక్క వేద్దాం. చిన్న చెంచాడు పంచదార సుమారు 4 గ్రాములు. కప్పుకి రెండు చెంచాలు, రోజుకి ఐదు కప్పులు. బ్రాంచిలో కస్టమర్లతో పాటు తాగేవి కలిపితే ఐదు పెద్ద లెక్కేమీ కాదు. అంటే రోజుకి 40 గ్రాములు, నెలకి కేజీ రెండు వందల గ్రాములు. ఒక్క మనిషి ఒక్క టీ ద్వారా తినే పంచదార ఇది. స్వీట్లు, బిస్కెట్లు, కూల్ డ్రింకులు ఇందులో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం ఇలా అదనంగా కలుపుకునే తీపి మొత్తం రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మేలు. మన టీ ఖాతా ఒక్కటే ఆ పరిమితి దాటేసింది. బ్యాంకు భాషలో దాన్ని ఓవర్‌డ్రాఫ్ట్ అంటారని మీకు నేను చెప్పక్కరలేదు.

ఈ లెక్క నాకు పుస్తకంలోంచి రాలేదు. మా వారికి నలభై నాలుగో ఏట షుగరు బయటపడింది. డాక్టరు గారు మొదట టీలో పంచదార మానమన్నారు. ఈయన మానేశారు, అదే పాల టీని పంచదార లేకుండా తాగారు. మూడు రోజులు తాగి, "ఇది టీ కాదు, కషాయం" అని నాలుగో రోజు గ్లాసు పక్కన పెట్టేశారు. ఇరవై ఏళ్ళుగా తీపితో అలవాటైన టీలోంచి తీపి తీసేస్తే మిగిలేది లోటే. ఆ లోటుని రోజుకి ఐదుసార్లు గుర్తుచేసుకుంటూ ఎవరు బతకగలరు? మానమని చెప్పడం తేలిక, ఆ చోట ఏం పెట్టాలో చెప్పడమే కష్టం.

ఆ రోజుల్లోనే పక్కింటి అన్నయ్యగారు సెలవు మీద కలకత్తా వెళ్ళి వస్తూ ఒక డార్జిలింగ్ పొట్లం తెచ్చారు. పాలు వద్దు, మూడు నిమిషాలే ఉంచాలి అన్నారు. అది పాల టీలా లేదు. అందుకే పనికొచ్చింది. పాత టీతో పోల్చుకోవడానికి వీల్లేని కొత్త వస్తువు కాబట్టి అందులో పంచదార ఏదీ అని ఈయన నాలుక వెతకలేదు. మూడు నెలల్లో ఇంట్లో తాగే టీలన్నీ ఆకు టీలు అయ్యాయి. బ్రాంచిలో ఒక పాల టీ, అరచెంచా పంచదారతో, ఇప్పటికీ ఉంది. దాన్ని నేను అడ్డుకోను.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. టీ వల్ల షుగరు తగ్గిందని నేను అనడం లేదు. మందులు ఉన్నాయి, సాయంత్రం నడక ఉంది, అన్నం తగ్గింది. టీ మందు కాదు. గ్రీన్ టీ కూడా మందు కాదు. పంచదార లేకుండా ఆనందంగా తాగగలిగిన పానీయం, అంతే. అది తక్కువ సంగతి కాదు.

ఒకే చెట్టు, ఇన్ని రుచులు

చాలామంది బ్లాక్ టీ చెట్టు వేరు, గ్రీన్ టీ చెట్టు వేరు అనుకుంటారు. కాదు. అన్నీ ఒకే తేయాకు మొక్క నుంచి వస్తాయి. ఇందులో చిన్న ఆకుల చైనా జాతి, పెద్ద ఆకుల అస్సాం జాతి అని ముఖ్యంగా రెండు ఉన్నాయి. తేడా అంతా కోసిన తర్వాత చేసే పనిలో ఉంది.

కోసిన యాపిల్ ముక్కని గాలికి వదిలేస్తే గోధుమరంగుకి తిరుగుతుంది కదా. నలిగిన తేయాకుకి కూడా గాలి తగిలితే అదే జరుగుతుంది. కోసిన వెంటనే వేడి చూపించి ఆ మార్పుని ఆపేస్తే గ్రీన్ టీ. చైనాలో బాణలిలో వేపుతారు, జపాన్‌లో ఆవిరి పెడతారు. ఆకుని వాడబెట్టి, నలిపి, పూర్తిగా రంగు తిరగనిచ్చి ఆరబెడితే బ్లాక్ టీ. మధ్యలో ఆపితే ఊలాంగ్. లేత మొగ్గల్ని ఎక్కువగా నలపకుండా వాడబెట్టి ఆరబెడితే వైట్ టీ. చైనాలోని యునాన్‌లో తయారయ్యే పూ-అర్ టీని ఏళ్ళ తరబడి మాగబెడతారు. మనకి పాత చింతపండు, పాత ఆవకాయ ఎలాగో వాళ్ళకి అది అలాగ.

మన దేశంలోవే మొదట రుచి చూడమని నా సలహా. డార్జిలింగ్ టీకి మన దేశంలో అన్నిటికంటే ముందు, 2004లో, భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే కొండ మీద, అదే తోటలో ఒకే ఏడాదిలో కోసిన ఆకులు వేరువేరు రుచులు ఇస్తాయి. ఫిబ్రవరి చివర్లో మొదలయ్యే మొదటి కోత లేత బంగారు రంగులో, పచ్చి పూల వాసనతో ఉంటుంది. మే, జూన్ నెలల రెండో కోత ఎర్రగా, పండిన ద్రాక్ష వాసనతో ఉంటుంది. వానాకాలపు కోత కాస్త మొరటు, చలికి ముందు వచ్చే శరదృతువు కోత మెత్తన. అస్సాం ఆకు టీ ముదురు ఎరుపు, కొంచెం బెల్లపు వాసన, నోరు నిండే బలం. పాలతో తాగాలనుకునేవాళ్ళకి అదే మంచి మెట్టు. నీలగిరి టీ తేలిక, మంచి సువాసన. నిమ్మరసానికి, చల్లగా తాగడానికి బాగుంటుంది. హిమాచల్‌లో కాంగ్రా టీ ఉంది. వీటికి తోడు విదేశాలవి, ఊలాంగ్ వంటివి, ఎప్పుడో ఒకసారి.

తేయాకుతో ఈ దీవులకూ మనవాళ్ళకూ పాత చుట్టరికం ఉంది. బ్రిటిష్ వాళ్ళు ఇక్కడి ఖైదీల స్థావరంలో తేయాకు సాగు కూడా చేయించారు. ఇక్కడ మనం 'రాంచీ వాళ్ళు' అని పిలిచే ఛోటానాగపూర్ ఆదివాసులను 20వ శతాబ్దం తొలినాళ్ళలో అడవి పనులకు ఈ దీవులకు తెచ్చారు. అదే ప్రాంతం నుంచి వేలాది కుటుంబాలను అస్సాం తేయాకు తోటలకు తీసుకెళ్ళారు. మన ఉత్తరాంధ్ర, గంజాం వైపు నుంచి కూడా అస్సాం తోటలకు కూలీలుగా వెళ్ళినవాళ్ళున్నారు. మా వైపు పెద్దవాళ్ళు 'రంగం వెళ్ళడం' అనేవారు. రంగం అంటే రంగూను. ఆ బర్మా మనకి ఇక్కడి నుంచి ఉత్తరంగా ఎంతో దూరం లేదు. అక్కడివాళ్ళు తేయాకుని ఊరబెట్టి, వేరుశనగలు, వెల్లుల్లి కలుపుకుని తింటారు. దాన్ని లపెట్ అంటారు. రెండాకులు ఒక మొగ్గ చొప్పున ఎవరో చేత్తో గిల్లితేనే మన గ్లాసులోకి ఆకు వస్తోంది. పొట్లం విప్పేటప్పుడు ఆ చేతుల్ని ఒకసారి తలుచుకుంటే ఆకుని వృథా చేయబుద్ధి కాదు.

రుచి చూడటం ఎలా?

రుచి చూడటం పెద్ద విద్య అనుకోకండి. ఏటా ఉగాది నాడు మనం చేసే పని ఇదే. ఒక చెంచా పచ్చడిలో ఆరు రుచులు ఉంటాయి. "ఈసారి వగరు ఎక్కువైంది, పులుపు చాల్లేదు" అని ఐదేళ్ళ పిల్లలు కూడా చెప్పగలరు. టీ రుచిలో ముఖ్యమైన గుణం వగరే. దానికి మన భాషలో ఇంత చక్కని, చిన్న మాట ఉంది. చేదు వేరు, వగరు వేరు. చేదు నాలుకకి తెలుస్తుంది. వగరు నోరంతా బిగిసినట్టు తెలుస్తుంది, పచ్చి అరటికాయ కొరికినట్టు. ఈ రెండిటినీ విడదీయగలిగితే టీ రుచిలో సగం తెలిసినట్టే.

ఒక నియమం మాత్రం పెట్టుకోండి. ఎప్పుడూ ఒక్క టీని రుచి చూడకండి, రెండు పక్కపక్కన పెట్టుకోండి. ఒక్కటే తాగితే "బాగుంది" అనో "బాగాలేదు" అనో అంటాం, అక్కడితో ఆగిపోతాం. రెండు ఉంటే "దీనికంటే అది ఘాటు, ఇది వాసన" అని మాట పుడుతుంది. రుచి తెలియడం అంటే తేడా తెలియడమే.

వృత్తిగా టీ రుచి చూసేవాళ్ళకి ఐఎస్ఓ 3103 అని 1980 నాటి ప్రమాణం ఒకటి ఉంది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, ఆరు నిమిషాలు. లోపాలు బయటపడాలని వాళ్ళు అంత గట్టిగా కాస్తారు. మనం ఆనందించడానికి తాగుతున్నాం కాబట్టి మామూలు కప్పుకి, అంటే 150 నుంచి 200 మిల్లీలీటర్లకి, 2 గ్రాములు చాలు. చెంచా కొలత నమ్మడానికి లేదు. విచ్చుకున్న పెద్ద ఆకులైతే రెండు చెంచాలు వేసినా 2 గ్రాములు తూగకపోవచ్చు, చిన్న ముక్కలైతే ఒక చెంచా చాలు. రెండు గ్లాసులకీ ఒకే బరువు, ఒకే నీళ్ళు, ఒకే సమయం ఉంటేనే పోలిక న్యాయంగా ఉంటుంది.

సమయం: బ్లాక్ టీకి మూడు నుంచి నాలుగు నిమిషాలు, గ్రీన్ టీకి రెండు. సమయం కాగానే ఆకుని నీళ్ళలోంచి వేరుచేయాలి. వడగట్టకుండా వదిలేస్తే మళ్ళీ కషాయమే. ఘాటు కావాలంటే ఆకు కాస్త పెంచండి, సమయం పెంచకండి. పంచదార లేకుండా తాగడానికి అసలు కిటుకు ఇదే.

వేడి: అస్సాంకి, నీలగిరికి మరిగే నీళ్ళు. డార్జిలింగ్ మొదటి కోతకి కొంచెం తగ్గాలి. గ్రీన్ టీకి 75, 80 డిగ్రీలు చాలు, మరిగే నీళ్ళు పోస్తే చేదెక్కుతుంది. థర్మామీటరు అక్కరలేదు. మరిగిన నీళ్ళని ఒక చల్లటి గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి రెండుసార్లు తిరగబోస్తే సరిపోయేంత వేడి దిగుతుంది. టీ కొట్టులో చూసి చూసి ఆ విద్య మనకి వచ్చే ఉంటుంది.

ఇక తాగడం. ముందు పొడి ఆకు వాసన చూడండి. తర్వాత తడిసి విచ్చుకున్న ఆకు వాసన చూడండి. రెండూ ఒకేలా ఉండవు. గ్లాసులోని రంగు చూడండి. అందుకే లోపల తెల్లగా ఉండే కప్పు గాని, గాజు గ్లాసు గాని మంచిది. తర్వాత చారు జుర్రినట్టు చప్పుడు చేస్తూ ఒక గుక్క లాగండి. ఈ ఒక్కచోట పిల్లల్ని "చప్పుడు చేయకు" అనకూడదు. అలా జుర్రితే టీ నోరంతా చిమ్మి, ఆవిరి ముక్కుకి అందుతుంది. టీలో మనం రుచి అనుకునేదానిలో చాలా భాగం వాసనే. మింగాక ఒక్క క్షణం ఆగండి. ఉసిరికాయ తిని మంచినీళ్ళు తాగితే గొంతులో ఒక తీపి వస్తుంది చూడండి, అలాంటిది మంచి టీలోనూ వస్తుంది. పంచదార వేస్తే అది కనిపించదు. ఆ తీపి దొరికిన రోజే మా వారు "ఇది బాగుంది" అన్నారు.

ఏ రుచి తగిలిందో చెప్పడానికి ఇంగ్లీషు మాటలు వెతకక్కరలేదు. మా మేడ మీది పిన్నిగారు ఒక నీలగిరి టీని "తడిసిన మల్లెపూల బుట్ట" అన్నారు. ఒక గ్రీన్ టీని మా అమ్మాయి "ఉడికించిన తోటకూర నీళ్ళు" అంది. రెండూ సరైన మాటలే. వానపడ్డ మట్టి, వేపిన పేలాలు, ఎండుగడ్డి, తాటిబెల్లం, పనసతొన... మన వంటింట్లో, పొలంలో ఉన్న వాసనలే చాలు.

ఈ దీవుల్లో నీళ్ళు, తేమ

ఇక్కడ మనకో వరం, ఒక శాపం ఉన్నాయి. వరం నీళ్ళు. ఈ ఊరికి ధనికారి జలాశయం నుంచి నీళ్ళు వస్తాయి. ఎక్కువగా వాననీరే నిలవ చేసింది. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరునీళ్ళతో టీ పెడితే పైన జిడ్డులా తెట్టు కడుతుంది, రంగు నల్లబడుతుంది. నీళ్ళలోని సున్నపు గుణం టీతో కలిసి చేసే పని అది. వాననీటికి ఆ బాధ తక్కువ. ఫిబ్రవరి దాటాక నీళ్ళు రోజు విడిచి రోజు, ఇంకా ఆలస్యంగా వచ్చే సంగతి మీకు తెలుసు. అప్పుడు ట్యాంకులో నాలుగు రోజులు నిలవున్న నీళ్ళతో కాస్తే టీ చప్పగా ఉంటుంది. అందుకని నీళ్ళు వచ్చిన రోజే రుచి చూసే కార్యక్రమం పెట్టుకుంటాం. ఒకసారి మరిగించిన నీళ్ళని మళ్ళీ మళ్ళీ మరిగించవద్దు.

శాపం తేమ. ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. ఉప్పు డబ్బాలోనే నీరవుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, చెప్పులకి బూజు పడుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చే టీ ఆకులో తేమ నూటికి మూడు పాళ్ళ దగ్గర ఉంటుంది. అంత పొడిగా ఉన్నది కాబట్టి చుట్టూ ఉన్న తేమని దూదిలా పీల్చుకుంటుంది. తేమతో పాటు వాసనలూ పీల్చుకుంటుంది. ఇంగువ పక్కన పెడితే ఇంగువ టీ, కర్పూరం పక్కన పెడితే కర్పూరం టీ, ఎండుచేపల డబ్బా పక్కన పెడితే ఏమవుతుందో నేను చెప్పను. మల్లెపూల టీని ఆకుకి ఉన్న ఈ గుణంతోనే చేస్తారు. మనకి ఇష్టమైన వాసనైతే గుణం, కానిదైతే దోషం.

నాలుగు జాగ్రత్తలు చాలు. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా వాడండి. డబ్బా ఆకుతో నిండుగా ఉండాలి, సగం ఖాళీ అయితే చిన్న డబ్బాలోకి మార్చండి. పొయ్యికి దూరంగా పెట్టండి. తడి చెంచా, గిన్నె మీది ఆవిరి తగలనివ్వకండి. ఫ్రిజ్‌లో పెడితే భద్రం అనుకుంటారు కొందరు. ఇక్కడ అది అసలు పనికిరాదు. చల్లటి డబ్బా బయటికి తీసి మూత తీయగానే మన గాలిలోని తేమ ఆకు మీద చెమటలా పడుతుంది. ఆకు పెళుసుగా విరగాలి. వేళ్ళ మధ్య నలిపితే వంగుతోందంటే తేమ పట్టింది. వాసన మాత్రమే తగ్గితే మసాలా టీకి వాడండి. ఈ దీవుల్లోనే పండే లవంగం, దాల్చిన, మిరియం దాన్ని కాపాడతాయి. బూజు వాసన వస్తే మాత్రం జాలిపడకుండా పారేయండి.

పంచుకుంటేనే రుచి

ఈ తేమ మాకొక మంచి పాఠం నేర్పింది. ఇక్కడ టీ ఆకు దాచుకోలేం. డార్జిలింగ్ అరకేజీ కొని అపురూపంగా దాచుకుంటే మూడో నెలకి అది ఎండుగడ్డి. అందుకని మా క్వార్టర్స్‌లో నాలుగు కుటుంబాల వాళ్ళం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరు సెలవు మీద కలకత్తా వెళ్ళినా, చెన్నై వెళ్ళినా, ఒకటే రకం 100 గ్రాములు తెస్తారు. తెచ్చిన రోజే నాలుగు భాగాలు. ఇంటికి 25 గ్రాములు, అంటే పన్నెండు కప్పులు. రెండు వారాల్లో అయిపోతుంది, తేమకి చిక్కదు. కలకత్తా నుంచి వచ్చేవాళ్ళు డార్జిలింగ్, అస్సాం తెస్తారు, చెన్నై నుంచి వచ్చేవాళ్ళు నీలగిరి తెస్తారు. విశాఖ నుంచి ఓడలో వచ్చేవాళ్ళు మాత్రం సామాను మధ్య ఆవకాయ జాడీకి దూరంగా పెట్టుకు రావాలి.

ఖరీదు గురించి అడుగుతారు. లెక్క చూడండి. 100 గ్రాములకి 50 కప్పులు. పొట్లం 400 రూపాయలైతే కప్పు 8 రూపాయలు. పాలు లేవు, పంచదార లేదు. బజారులో పాల టీ అంతకంటే తక్కువకి దొరకడం లేదు. ఊలాంగ్ వంటి ఆకునైతే మూడుసార్లు కాచుకోవచ్చు, ప్రతిసారీ రుచి కొంచెం మారుతుంది. కొనేటప్పుడు కోసిన నెల, ప్యాక్ చేసిన తేదీ చూడండి. పేరు పెద్దదై తేదీ పాతదైతే వదిలేయండి.

ఈ పద్ధతి వల్ల ఇంకొకటి జరిగింది. ఇక్కడ వేసవిలో ఐదు కొట్టకముందే తెల్లవారుతుంది, చలికాలంలో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. మగవాళ్ళు, ఉద్యోగం చేసే ఆడవాళ్ళు బ్రాంచి నుంచి వచ్చేసరికి రాత్రి అయిపోయినట్టే ఉంటుంది. వానాకాలంలో ఓడలు, విమానాలు రద్దయితే ఊరి నుంచి చుట్టాలు రారు, మనం వెళ్ళలేం. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇల్లాలికి ఆ చీకటి చాలా పొడుగ్గా ఉంటుంది. అలాంటి ఇంటి తలుపు తట్టి "ఏమీ పని లేదు, ఊరికే వచ్చాం" అనడం మొహమాటం. "రెండు రకాల టీ వచ్చింది, ఏది బాగుందో మీరు చెప్పాలి" అని పిలవడం తేలిక. అలా వచ్చిన వాళ్ళే ఇప్పుడు మా నలుగురిలో ఇద్దరు.

కొన్ని హెచ్చరికలు చెప్పి ముగిస్తాను. టీలోని వగరు పదార్థం కూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. రక్తహీనత మన ఆడవాళ్ళలో ఎక్కువ. అందుకని భోజనంతో పాటు టీ వద్దు, గంట ఆగండి. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్ళు కూడా అంతే. పాలు లేని టీలోనూ కెఫీన్ ఉంటుంది, చీకటి పడ్డాక తగ్గించండి. గర్భిణులు ఎంత తాగవచ్చో డాక్టరుని అడగండి. చిన్నపిల్లలకి టీ వద్దు. వాళ్ళ కోసం అక్కడ నిమ్మగడ్డి వేసి కాచిన నీళ్ళు ఉన్నాయి, జుర్రడం మాత్రం వాళ్ళకీ అనుమతే.

ఇప్పుడు బల్ల దగ్గరికి రండి. మూడు గ్లాసులకి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేశాను. అస్సాం ఏదో, డార్జిలింగ్ రెండో కోత ఏదో, నీలగిరి ఏదో చెప్పను. పక్కన చీటీలు, పెన్నులు ఉన్నాయి. ఏది ఎక్కువ వగరు, ఏది ఎక్కువ వాసన, ఏది మీకు నచ్చింది, మూడే మాటలు రాయండి. తప్పు ఒప్పు లేదు. షుగరున్న వాళ్ళు ముందు రండి, ఈ ఒక్క బల్ల దగ్గర మీకోసం వేరే గ్లాసు పెట్టలేదు. అందరిదీ ఒకటే గ్లాసు.

 నీళ్ళు చల్లారకముందే లేవండి. సెలవు.